గడువు దాటిన చుక్క

టాటీబంధ్‌లో లారీ బాడీలకు రంగులు వేసేవాళ్లలో రత్నం చెయ్యి నున్నగా పడుతుందని పేరు. తండ్రి కాకినాడ నుంచి రైల్వే ఉద్యోగానికొచ్చి ఇక్కడి వ్యాగన్ల మరమ్మతు కార్ఖానా వాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో స్థిరపడ్డాడు. రత్నం మాత్రం స్ప్రే గన్ పట్టాడు.

2011 ఎండాకాలంలో అతని వేళ్ల సందుల్లో దురద మొదలైంది. చర్మం పగిలి, అన్నం కలుపుకుంటే భగ్గున మండేది. రంగు గట్టిపడటానికి కలిపే హార్డెనర్ వల్లేమోనని భార్య ప్రమీల చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడ రకరకాల రసాయనాల చుక్కలతో వీపుకి పట్టీలు అంటించి, రెండ్రోజులయ్యాక విప్పి చూశారు. పడనిదేదైనా ఉంటే అక్కడ ఎర్రగా దద్దురు లేవాలి. ఏమీ లేవలేదు.

"మీకు రంగు పడకపోవడమేం లేదు. తిండిలోనే ఏదో ఉంది," అన్నాడు డాక్టరు.

ఆ మాట ప్రమీల మనసులో దిగబడిపోయింది. ఎండుచేపలు, వంకాయ, చివరికి చింతపండు కూడా ఇంట్లోకి రానివ్వలేదు. అతను తినట్లేదని తనూ తినేది కాదు. రత్నం మాత్రం రోజూ పనికి వెళ్తూనే ఉన్నాడు. చేతులు ఇంకా పాడయ్యాయి. ఒకనాడు కంచం ముందు చిరాకుపడి, "ఏం కలుపుతున్నావో నీకే తెలియాలి," అనేశాడు. ఆమె కంచం తీసుకుని లోపలికెళ్లింది.

మూడో ఏడు వానాకాలంలో ప్రమీల కామెర్లతో పోయింది.

తరవాత కూతురు రేచల్ పట్టుబట్టి మళ్లీ అదే క్లినిక్కుకి తీసుకెళ్లింది. పాత డాక్టరు లేడు. బిందుమాధవి అనే కొత్త డాక్టరమ్మ కొత్త మందు చుక్కలతో అదే పట్టీల పరీక్ష చేస్తే, హార్డెనర్ చుక్క వేసినచోట వీపు కాలినట్టు పొంగింది.

"మరి అప్పుడెందుకు తేలలేదు మేడమ్?" అనడిగాడు రత్నం.

ఆమె దాచలేదు. "ఈ పరీక్ష మందుకి సీసా తెరిచాక ఎక్కువ రోజులు శక్తి ఉండదండీ. నేను చేరేసరికి ఇక్కడున్నవన్నీ గడువు దాటినవే, పారేయించాను. మీకు వేసింది వాటిలోదే అయ్యుంటుంది. అప్పుడే పని మానేసుంటే చేతులు ఇంతదాకా వచ్చేవి కావు."

రత్నం కోప్పడలేదు. చొక్కా గుండీలకి వేళ్లు వంగకపోతే రేచల్ పెట్టింది.

ఆటోలో అన్నాడు, "వంటలో ఏం లేదంటమ్మా."

"నాకు తెలుసు నాన్నా."

"మీ అమ్మకి తెలీదుగా."

ఇప్పుడు ధర్సీవా దగ్గర ఓ గోడౌనుకి కాపలా ఉంటున్నాడు. చేతులు సగమే నయమయ్యాయి. చర్చిలో ఎవరైనా ప్రమీల వంటని తలుచుకుంటే, మెల్లగా లేచి బయటికెళ్లిపోతాడు.