గుండుగొలను దాకానే

అక్క నలభై దాటాక సైకిలు నేర్చుకుంది. కూతురు కాలేజీ బస్సెక్కడం మొదలుపెట్టాక వసారాలో తుప్పుపడుతున్న లేడీస్ సైకిలు మీద. ఆ సైకిలు చదువు పూర్తయ్యేసరికి తాడేపల్లిగూడెంలో సగం గోడలకు తను గుద్దుకుంది. మిగతా సగానికి, వెనకాల పట్టుకుని పరిగెత్తిన నేను.

ఒక సాయంత్రం టీవీలో, ఐరోపాలో ఏదో నది గట్టున మొగుడూ పెళ్ళాలు పొద్దస్తమానం సైకిళ్ళు తొక్కడం చూసింది. "వాళ్ళకి నది ఉంటే మనకి ఏలూరు కాలవ లేదేంట్రా? గట్టు పట్టుకుని పోతే కొల్లేరేగా," అంది. ఆ చలికాలం దాటితే సైకిలు ముట్టుకోవద్దని మోకాళ్ళ డాక్టరు అప్పటికే చెప్పేశాడు. తన కాళ్ళతో తొక్కుకుంటూ కొల్లేరు చేరాలి, ఒక్కసారి. అంతే తన కోరిక.

ఆదివారం తెల్లవారుతూనే బయల్దేరాం. నా సైకిలు సీటు ఏ పగవాడు చేయించాడో గానీ, పూళ్ళ దాటేసరికి నడుము నన్ను వదిలి వెనక్కి వెళ్ళిపోయింది. గట్టు మీద గేదెలు కడుగుతున్న ప్రతివాడూ స్కూటరు పాడైందా అని పరామర్శించాడు. చర్చికి వెళ్తున్న ఒకావిడైతే, ప్రభువు మీకూ ఓ బండి ఇస్తాడని దీవించి మరీ కదిలింది. అక్క నవ్వీ నవ్వీ కాలవలో పడబోయింది. అంత సంతోషంగా తనను పెళ్ళినాడు కూడా చూడలేదు.

గుండుగొలనులో మా పిన్ని ఉంది. గుమ్మం ముందునుంచి ఆగకుండా పోతే మూడు తరాలు మాటలుండవు. ఆగాం. ఒక చెరువు చేపలూ, ఒక పొలం అన్నమూ తిని లేచేసరికి వీధిలో బాబాయి చేపల వ్యాను, దాని వెనకాల ఐసు పెట్టెల మధ్య మా సైకిళ్ళు.

"ఎండలో ఎందుకమ్మా, వ్యాను అటే వెళ్తోంది," అన్నాడు బాబాయి.

"వద్దండీ బాబాయిగారూ. తొక్కుకుంటూ వెళ్దామనే వచ్చాం."

ఎంత మొహమాటం పిల్లకి అని ఆయన పిన్నితో మురిసిపోయాడు. మా వైపు రెండుసార్లు వద్దనడం మర్యాద. ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మూడోసారి అంటే పెద్దాయన్ని కాదన్నట్టు.

"నిజంగా వద్దండీ," అంది అక్క. రెండోది కూడా అయిపోయింది.

బాబాయి తలుపు తీసి పట్టుకున్నాడు. అక్క నా వంక చూసింది. నేనూ ఆ మర్యాదల్లో పెరిగినవాణ్ణే. ఇద్దరం ఎక్కాం.

కొల్లేట్లో గూడబాతులు ఒక్కోటి పడవంత ఉన్నాయి. అక్క సైకిలు దింపించుకుని గట్టు మీద కాసేపు అటూ ఇటూ తొక్కింది. తర్వాత దిగి, హ్యాండిలు పట్టుకుని, వచ్చిన దారి వైపు చూస్తూ నిలబడింది. "పిన్ని దగ్గర్నుంచి ఇంకో పది కిలోమీటర్లు ఉండేదేమోరా," అంది. మమ్మల్ని ఇంటిదాకా దింపి రమ్మన్నారని డ్రైవరు హారను కొట్టాడు.

వీధిలో వాళ్ళు అడిగినప్పుడు నేను ఎదురుగాలీ, తాచుపాములూ అన్నీ వేసి మొదలుపెట్టాను. అక్క మధ్యలోనే ఆపింది.

"గుండుగొలను దాకానేనండీ. అక్కణ్ణుంచి వ్యానులో వెళ్ళాం."

చలికాలం అయిపోయింది. కాలవను సముద్రం చేసి, బాతును ఏనుగు చేసి చెప్పగలను. ఆ పది కిలోమీటర్లు మాత్రం ఇప్పటికీ కలపలేకపోతున్నాను.