దేవుడి గూట్లో మనిషి ప్రోటీన్

ఇది చదివాక మీరెవరూ నన్ను ల్యాబు గడప తొక్కనివ్వరు. తొక్కనివ్వకపోవడమే మంచిది. కంటికి కనబడని చిటికెడు పొడితో ఒక మనిషి నాలుగేళ్ల చదువును ముంచబోయిన ఘనుణ్ణి నేను.

అప్పుడు వేలూరులో ఒక పరిశోధనశాలలో కొత్తగా చేరాను. నా పైన కవితక్క. ఆమె పీహెచ్‌డీకి ఒక్క ప్రయోగమే మిగిలింది. దానికి కావలసిన మానవ ప్రోటీన్ మూడు నెలలు ఎదురుచూడగా విదేశం నుంచి ఒక బుల్లి సీసాలో వచ్చింది. మానవ అన్నానని కంగారు పడకండి. మనిషి జన్యువును బాక్టీరియాలో పెట్టి, వాటిచేత తయారు చేయించిన సరుకది. సీసాలోకి చూస్తే ఏమీ ఉండదు. అడుగున పొడి ఉందని నమ్మాలి, అంతే.

ఆ శని, ఆదివారాలు మా భవనంలో కరెంటు ఉండదన్నారు. శుక్రవారం సాయంత్రం అక్క తిరుపత్తూరులో పెళ్లికి బయల్దేరుతూ చెప్పింది.

"తంబీ, పక్క డిపార్ట్‌మెంటు ఫ్రీజర్లో పెట్టు. ఇంకోటి తెప్పించేదానికి టైం లేదు."

"నేనుండా కదక్కా."

నేను టీ తాగి వెళ్లేసరికి పక్క డిపార్ట్‌మెంటుకు తాళం. బుద్ధున్నవాడైతే ఎవరికైనా ఫోన్ చేస్తాడు. నేను సీసాను ఐసుపెట్టెలో పెట్టుకుని, కాట్పాడిలో రైలెక్కి, గుడియాత్తంలో మా ఇంటికి పోయాను. మా ఇంట్లో ఫ్రిజ్ ఉంది మరి.

మా ఇంట్లో అందరం మాట్లాడేది తెలుగు, చదువుకున్నది తమిళం. తెలుగు అక్షరాలు నాకొక్కడికే వచ్చు, అదీ ఆ ఏడాదే నేర్చుకున్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్తగా అక్షరాలొచ్చినవాడూ అంతే. సీసాను చిన్న డబ్బాలో పెట్టి, మూత మీద ముత్యాల్లాంటి తెలుగులో రాశాను: 'ఎవరూ ముట్టుకోవద్దు. చల్లగా ఉంచాలి.'

ఆదివారం మధ్యాహ్నం ఫ్రీజరు తెరిస్తే చేపలున్నాయి, డబ్బా లేదు.

"అమ్మా, ఈడుండే డబ్బా యాడ?"

"తిరుపతి ప్రసాదమా? నిన్న పొద్దున్నే దేవుడి గూట్లో పెట్టినా."

"ప్రసాదమని ఎవురు చెప్పినారు?"

"ఎవురన్నా చెప్పల్లా? పైన తెలుగులో రాసి ఉండాది. మనింటికి తెలుగు రాతతో ఇంకేం వస్తాది నాయనా? దాన్ని తీసకపొయ్యి చేపల పక్కన పెట్టినావే."

వెళ్లి చూస్తే దీపం పక్కన కుంకుమబొట్టు పెట్టుకుని, మల్లెపూలు ముడుచుకుని, పెళ్లికూతురిలా కూర్చుంది డబ్బా.

"తీర్థమేమో అని చూసినా," అంది అమ్మ. "ఖాళీ సీసా."

"ఖాళీ కాదమ్మా. అది మనిషి ప్రోటీను."

అమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "మనిషిదా? ఎవురిది?"

"ఎవురిదీ కాదు. బాక్టీరియా చేసింది."

"పురుగులు చేసిన మనిషిదా? దాన్ని నా చేత సామి పక్కన పెట్టించినావా?"

పసుపునీళ్లు వచ్చాయి. గూటికీ, డబ్బాకీ, చివరికి నా నెత్తికీ. ఆ నీళ్లతోపాటు నా కళ్లలోంచి కూడా కారుతున్నాయని అమ్మ కాసేపటికి గానీ చూడలేదు. చెంబు పక్కన పెట్టింది. కవితక్క చదువు సంగతంతా చెప్పాను.

"ఆ పాప చదువు పోతాదా నాయనా? నేనొచ్చి చెప్తా. తప్పు నాదని చెప్తా."

ఆ మాటతో నాకు ఇంకా ఏడుపొచ్చింది.

సోమవారం అక్క ముందు నిలబడి, కుంకుమతో సహా అంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. అక్క సీసాతోపాటు వచ్చిన కాగితం నా చేతిలో పెట్టింది.

"గట్టిగా చదువు తంబీ."

చదివాను. పొడిగా ఉన్నంతకాలం కొన్ని వారాలపాటు మామూలు గదిలో ఉన్నా చెడదని ఇంగ్లీషులో స్పష్టంగా ఉంది.

"కొరియర్లో ఐసు లేకనే వచ్చినాది," అంది అక్క. "నీళ్లు కలిపినాకే చలువ కావల్ల. ఫ్రీజర్లో పెట్టమనింది జాగర్తకి. మీ అమ్మకి తెలుగు చదవను రాదు, సరి. నీకేం రాదు?"

ఆ ప్రయోగం కుదిరింది. అక్క డాక్టరైంది. సామి గూట్లో పెట్టబట్టే ఆ పాప పాసైందని అమ్మ ఇప్పటికీ వీధిలో అందరికీ చెబుతోంది. ఆ కాగితం సంగతి నేను చెప్పలేదు.

కాబట్టి ల్యాబు కోటు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చీటీ చదవకుండా సీసా ముట్టను. సీసాలను రైలెక్కించను. ఇంట్లోవాళ్లకు తెలియాల్సింది ఏదైనా తమిళంలోనే రాస్తాను. ఇది మాత్రం తెలుగులో రాశాను, అమ్మ చదవకూడదని.