ఇద్దరు కూర్చునే చోటు

బెజవాడలో ఇద్దరు మగవాళ్ళు చెయ్యీ చెయ్యీ పట్టుకుని బీసెంట్ రోడ్డు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిస్తే ఎవరూ తల తిప్పి చూడరు. భుజం మీద చెయ్యి వేసుకున్నా చూడరు. ఒకడు సైకిలు తొక్కుతూ, ఇంకొకడు ముందు కడ్డీ మీద కూర్చుని పోయినా చూడరు. ఆ ఇద్దరూ ఒకచోట కాస్త ఎక్కువసేపు కూర్చున్నారా, అప్పుడు చూస్తారు. ఈ సంగతి నాకు డెబ్భైల మొదట్లో తెలిసింది. తెలిసిన దగ్గర్నుంచీ నా కాళ్ళకి విశ్రాంతి లేదు.

అప్పుడు నేను గవర్నర్‌పేటలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మేష్టార్ని. ఉయ్యూరు దగ్గర పల్లె మాది. మా నాన్న బడిపంతులు, ఆదివారం చర్చిలో సంఘపెద్ద. ఇక అతను, ఆ ఇద్దరిలో రెండోవాడు, వన్‌టౌన్‌లో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బుకింగ్ గుమాస్తా. బందరు అవతల సముద్రం ఒడ్డు ఊరు, చేపలు పట్టే కుటుంబం. నా దగ్గర టైపు నేర్చుకోవడానికి వచ్చాడు. లోయర్ పరీక్ష తప్పాడు. మళ్ళీ కట్టి మళ్ళీ తప్పాడు. వేళ్ళు మిషన్ మీద, చూపు నా మీద పెడితే ఎవరు పాసవుతారు? చదువు అబ్బలేదు కానీ ‘మేష్టారూ’ అని పిలవడం మాత్రం అబ్బింది. తరవాత ‘నువ్వు’ అనే చనువు వచ్చాక కూడా ఆ పిలుపు పోలేదు. ‘మేష్టారూ, నువ్వు తిన్నావా?’ అనేవాడు.

కూర్చోవడానికి చోటు వెతకడమే ఆ మూడు నాలుగేళ్ళు మేం చేసిన పని. కాఫీ హోటళ్ళతో మొదలుపెట్టాం. కప్పు ఖాళీ అయ్యీ కాకముందే సర్వరు తడిగుడ్డతో వచ్చి, మా మోచేతులు ఎత్తించి బల్ల తుడిచేవాడు. ‘ఇంకేం కావాలండీ?’ అనేవాడు. కావలసింది చెబితే ఇస్తాడా? పక్కనే తెరలు కట్టిన గదులుండేవి, పైన ‘ఫ్యామిలీ రూమ్’ అని బోర్డు. ఒక ఆడమనిషి తోడుంటే నిన్న పరిచయమైనవాళ్ళు కూడా ఫ్యామిలీయే. మేం ఏళ్ళ తరబడి ఒక్క ప్లేటులో పెసరట్టు పంచుకు తిన్నా రెండు కాఫీల గిరాకీ.

బ్యారేజీ మీద గాలి బాగుండేది. కానీ ఎమర్జెన్సీ వచ్చాక ఆ గాలికీ కాపలా పెట్టారు. రెయిలింగుకి ఆనుకుని నిలబడితే కానిస్టేబుల్ వచ్చి ఏ ఊరు, ఏం పని, ఇక్కడెందుకు అని అడిగేవాడు. నా జేబులో పెన్ను చూసి వదిలేసేవాడు. గుణదల కొండకి కూడా వెళ్ళాం. మెట్ల మీద ఎంతసేపు కూర్చున్నా భక్తి అనుకుంటారు. అక్కడ నా బాధ వేరు. మేం ప్రొటెస్టెంట్లం. మా నాన్నకి నా సంగతి మొత్తం తెలిస్తే, మిగతావన్నీ తరవాత, ముందు క్యాథలిక్కుల కొండ ఎందుకెక్కావని కొడతాడు.

గాంధీనగర్‌లో మ్యాట్నీలు కొంత నయం. పాత సినిమా మళ్ళీ వేస్తే బాల్కనీలో మనుషులుండరు. తెర మీద హీరో హీరోయిన్లు చెట్ల చుట్టూ తిరుగుతుంటే మేం చీకట్లో వేళ్ళు పెనవేసుకుని కూర్చునేవాళ్ళం. ఏ సినిమాకీ కథ గుర్తులేదు. ఇంటర్వెల్‌లో లైట్లు వెలిగితే చెరో పక్కకి జరగడం గుర్తుంది. జరిగి జరిగి విసుగొచ్చింది నాకు.

ఆ హాళ్ళ పక్కనే ఒక కిళ్ళీకొట్టు ఉండేది. కొట్టాయన ఒకప్పుడు నాటకాల్లో ఆడవేషాలు కట్టినవాడు. వయసు మీదపడినా ఆకుకి సున్నం రాసేటప్పుడు ఆ చిటికెనవేలి విరుపు పోలేదు. మాలాంటి వాళ్ళందరికీ ఆ కొట్టే రచ్చబండ. మమ్మల్ని చూసిన మొదటి రోజే ఏమీ అడక్కుండా రెండు కిళ్ళీలు కట్టి, ‘ఇద్దరూ ఒకటే రకం తింటారుగా?’ అన్నాడు. ఎటు వెళ్ళచ్చో ఎటు వెళ్ళకూడదో ఆయనే చెప్పేవాడు. ‘ఇయ్యాళ కాలవగట్టు వైపు పోమాకండి నాయనా, జీపు తిరుగుతోంది’ అనేవాడు. ఆదివారం సాయంత్రాలు వన్‌టౌన్‌లో ఒక మేడ మీద నాటకాల రిహార్సలుకి తీసుకెళ్ళేవాడు. బట్టలకొట్ల కుర్రాళ్ళు, ఆఫీసు ప్యూన్లు లుంగీల మీదే పమిట వేసుకుని హార్మోనియం పక్కన నిలబడి సిగ్గుపడటం ప్రాక్టీసు చేసేవాళ్ళు. చూడ్డానికి వచ్చినవాళ్ళని ఎంతసేపు కూర్చున్నా ఎవరూ లేపరు. బెజవాడ మొత్తం మీద నేను వెన్ను వాల్చి కూర్చున్న మొదటి చోటు అదే.

చివరికి మాకు గది ఇప్పించింది కూడా ఆయనే. పెళ్ళికాని మగవాళ్ళకి ఇల్లు అద్దెకివ్వడమంటే బెజవాడ ఇళ్ళవాళ్ళకి దొంగకి తాళంచెవి ఇవ్వడం లాంటిది. కృష్ణలంకలో తనకి తెలిసినావిడ దగ్గరికి వెళ్ళి, ‘అన్నదమ్ముల్లాంటోళ్ళమ్మా, నాదీ పూచీ’ అన్నాడు. తాగుడు, పేకాట, ఆడవాళ్ళు, ఈ మూడూ ఉండకూడదని ఆవిడ షరతు పెట్టింది. మాకు మొదటి రెండూ అలవాటు లేవు. మూడోదాని గురించి ఆవిడకి ఏ చింతా అక్కర్లేదు.

ఆ గదిలో మేం కూర్చున్నాం. అంతకంటే చెప్పుకోవడానికి ఏమీ లేదు. అతను కిరసనాయిలు పొయ్యి మీద చేపల పులుసు పెట్టేవాడు, నేను కూరలు తరిగేవాణ్ణి. తలుపు దగ్గరికి వేసుకుని ఒకే చాప మీద ఇద్దరం గోడకి ఆనుకుని ఏమీ మాట్లాడకుండా కూర్చునేవాళ్ళం. ఎవరూ బల్ల తుడవడానికి రారు. నా జీవితంలో నాకు అలసట లేని కాలం అదొక్కటే. చోటు పోకూడదని, ఆవిడ పెట్టిన షరతులకంటే పది రెట్లు బుద్ధిగా ఉన్నాం. సిగరెట్టు ముట్టలేదు. దీపాలవేళకల్లా ఇల్లు చేరేవాళ్ళం. పండగలకి ఆవిడకి నీళ్ళు తోడిపెట్టేవాళ్ళం.

ఆ బుద్ధే మా కొంప ముంచింది. ఇంటావిడ మమ్మల్ని వీధి వీధంతా మెచ్చుకుంది. ‘ఈ కాలంలో అట్టాంటి పిల్లాడు దొరుకుతాడటే?’ అనేది అతన్ని చూపించి. నాకు సంబంధాలు రాకపోలేదు గానీ, టైపు మేష్టారి జీతం వినగానే వచ్చినదారినే వెళ్ళేవి. అతనికి మాత్రం హనుమాన్ జంక్షన్ నుంచి సంబంధం వచ్చింది. వాళ్ళవాళ్ళే. పిల్ల తండ్రి కొల్లేటి చేపలు ఐసులో పెట్టి లారీలకెక్కించే వ్యాపారం. అతని తల్లి ఊరి నుంచి కబురు మీద కబురు పంపింది. కాదంటే ఎందుకంటారు. ఆ ఎందుకుకి జవాబు లేదు. తల్లి ముందు అతనికి నోరు పెగలదు, నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

మా వైపు పెళ్ళి కుదిరే ముందు వాకబు చేస్తారు. పిల్ల తరఫు మనిషి ఒంటరిగా వచ్చి, పెళ్ళికొడుకు పనిచేసేచోట, తినేచోట, ఉండేచోట విచారిస్తాడు. ఆ విచారణలో ఎవరూ ఎవరి గురించీ చెడ్డ చెప్పరు. పెళ్ళి చెడగొట్టిన పాపం ఎవరికి కావాలి? అందుకని చెడ్డ చెప్పడానికి మా జిల్లాలో ఒక మర్యాదైన మాట ఉంది. ‘పర్వాలేదండీ’ అంటారు. పిల్లవాడెలాంటి వాడండీ అంటే, పర్వాలేదండీ అని, చేతిలో పని చూసుకోవాలి. అంతే. వచ్చినాయన దణ్ణం పెట్టి వెళ్ళిపోతాడు, ఆ గుమ్మం మళ్ళీ తొక్కడు. ఎంత పెద్ద సంబంధమైనా ఆ ఒక్క మాటకి తప్పిపోతుంది, ఎవరికీ మచ్చ ఉండదు.

కిళ్ళీకొట్టాయన నాకు ముందే చెప్పాడు. ‘ఆ జంక్షనాయన నా దగ్గరికొచ్చాడు. ట్రాన్స్‌పోర్టాఫీసులో అడిగాడంట, మీ ఇంటావిణ్ణి అడిగాడంట. అందరూ బంగారం అన్నారు. నేనేమని చచ్చేది? బంగారమనే అన్నాను. ఇంక నీ దగ్గరికొస్తాడు. కూడా ఉండేవాడి మాటకే తూకమెక్కువ. పర్వాలేదండీ అను, ఊరుకో. ఆపైన ఒక్క ముక్క మాట్లాడమాక.’

ఆయన వచ్చిన రోజు పొద్దున్న అతను కూడా అదే అన్నాడు. షర్టు గుండీలు పెట్టుకుంటూ, గోడకేసి చూస్తూ అన్నాడు. ‘నేను చెప్పలేను మేష్టారూ. నువ్వు ఆ ఒక్క మాట అను. మన గది మనకుంటుంది.’

అంటానన్నాను. అందామనే అనుకున్నాను, మా అమ్మ మీద ఒట్టు.

సాయంత్రం నా బ్యాచ్ అయ్యాక ఆయన వచ్చాడు. తెల్ల పంచె, మాసిన కండువా, దగ్గరికొస్తే చేపల ఐసు వాసన. లోపల తరవాతి బ్యాచ్ మిషన్ల మోత ఎక్కువగా ఉందని ఏలూరు కాలవ గట్టు మీదికి వెళ్ళాం. అక్కడ ఒక రాతి మీద మేం చాలాసేపు కూర్చున్నాం. ఎవరూ చూడలేదు. పెళ్ళిమాటలు మాట్లాడుకునే మగవాళ్ళు ఎంతసేపు కూర్చున్నా బెజవాడకి అభ్యంతరం లేదు. నాకు ఒళ్ళు మండింది.

‘ఒక్కతే పిల్లండి నాకు. తల్లి లేదండి’ అన్నాడాయన. ‘మీరు ఆ అబ్బాయితో ఒకే గదిలో ఉంటన్నారంట. మీకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తదండీ? మనిషి ఎట్టాంటోడండీ?’

ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నన్ను ఎవరడిగారు? అతను ఎలాంటివాడు అని అమ్మ అడగలేదు, అన్న అడగలేదు, కొత్తగా పెళ్ళయిన స్నేహితుణ్ణి ఆటపట్టించినట్టు ఒక్కడూ ఆటపట్టించలేదు. మొదటిసారి ఒక మనిషి నా ఎదురుగా కూర్చుని, నా సమాధానం కోసం కళ్ళప్పగించి చూస్తున్నాడు.

‘చేపలో ముల్లు లేని ముక్క ఏదో అతనికి చూడకుండానే తెలుస్తుందండీ’ అన్నాను. ‘ఆ ముక్క అతను తినడు. ఎదుటివాడి కంచంలో వేస్తాడు.’

అక్కడ ఆపలేదు. తెల్లవారుజామున లేస్తే పక్కవాడి నిద్ర చెడుతుందని బకెట్టు చప్పుడు కాకుండా చేత్తో పట్టుకుని నీళ్ళు నింపుతాడని చెప్పాను. ఆఫీసులో హమాలీలని ఏకవచనంతో పిలవడని చెప్పాను. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు సెలవివ్వకపోతే, జీతం పోతే పోయిందని నా తల దగ్గర కూర్చున్నాడని, పాట రాకపోయినా పాడాడని చెప్పాను. సముద్రం మీద పుట్టినవాడు బల్లికి భయపడతాడని చెప్పాను. అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయని చెప్పాను. కోపం వస్తే అరవడు, గిన్నెలు తోముతాడని చెప్పాను. ఎవరితో ఉంటే వాళ్ళకి ఇంటికెళ్ళాలనిపిస్తుందని చెప్పాను. నా గొంతు నాకే వింతగా ఉంది. ఆపాలని తెలుసు. ఆపబుద్ధి కాలేదు.

ఆయన కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ‘ఇంకెవర్నీ అడగక్కర్లేదండీ. కూడా ఉన్నోడు ఇట్టా చెప్పాడంటే మా పిల్ల అదృష్టం’ అన్నాడు. రేపే తాంబూలాలు పుచ్చుకుంటామన్నాడు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. నేను ఒక్క అబద్ధం కూడా ఆడకుండా చేశాను. ఆ పిల్లకి చెప్పాల్సింది ఇంకొకటి ఉంది, అది చెప్పే చోటు ఈ ఊళ్ళో లేదు.

నేను ఊరంతా తిరిగి గదికి వెళ్ళేసరికి అతను పొయ్యి దగ్గర ఉన్నాడు. ఆయన దారిలో ట్రాన్స్‌పోర్టాఫీసుకి వెళ్ళి అతన్ని ‘అల్లుడుగారూ’ అని పిలిచి మరీ వెళ్ళాడట.

‘ఏం చెప్పావ్?’ అన్నాడు. కోపం లేదు. నీరసంగా అడిగాడు.

చాప మీద కూలబడి, ఆయనకి చెప్పినవన్నీ మొదటి నుంచీ చెప్పాను. చేప ముక్క, బకెట్టు, హమాలీలు, బల్లి, ఒక్కటీ వదల్లేదు. అతను పొయ్యి ఆర్పేసి వచ్చి నా పక్కన గోడకి ఆనుకుని కూర్చుని అంతా విన్నాడు.

‘ఇయ్యన్నీ నాకెప్పుడూ చెప్పలేదేం మేష్టారూ?’ అన్నాడు.