వదినను ఏరు దాటనివ్వని ఆట

మా అవ్వ కథ చెబుతూ చెబుతూ మధ్యలో ఆపి, "ఈడ నువ్వైతే ఏం జేస్తావే?" అని అడిగేది. నేను చెప్పినదాన్ని బట్టి కథ దారి మారేది. ఆమె పోయాక ఆ అలవాటునే నేను ఆటగా మార్చుకున్నాను. రాయచోటి దగ్గర మా ఊళ్ళో, కరువు ఏళ్ళలో, నన్ను చదువు మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టినప్పటి సంగతి.

మధ్యాహ్నం పనులు ముగిశాక వసారాలో నాపరాళ్ళ మీద సుద్దముక్కతో ఒక దేశం గీసేదాన్ని. కొండలు, అడవి, ఊళ్ళు, నడుమ ఏడాది పొడుగునా పారే ఏరు. మాకు అలాంటి ఏరు లేదు కాబట్టి దాన్ని బాగా వెడల్పుగా గీసేదాన్ని. ఏ ఊళ్ళో ఏం పండుతుందో, ఏ రేవులో పుట్టి నడిపేవాడు కోపిష్టో అన్నీ నా తలలో ఉండేవి. ఆడేవాళ్ళు తామెవరో తామే ఎంచుకోవాలి. వాళ్ళ ఎదురుగా ఏముందో నేను చెబుతాను, ఏం చేస్తారో వాళ్ళు చెబుతారు. చేయగలిగారా లేదా అన్నది గవ్వలు తేలుస్తాయి. ఎక్కువ గవ్వలు వెల్లకిలా పడితే అయినట్టు.

ఆడేది ఇద్దరే, పక్కింటి పిన్నమ్మా, మా అన్న భార్యా. పిన్నమ్మ ఎప్పుడూ దొంగల నాయకురాలే. "సంసారం ఇంటికాడ చాలదా? ఈడ గూడా యాల? నేను దోచుకోని తింటా" అని నవ్వేది. వదిన మాత్రం మొదటిరోజే, "నేను ఊరికే ఒక ఆడమనిషినిలే పాపా. ఏటికి ఆ పక్క మాయమ్మ ఉండాది. ఆడికి పోవల్ల" అంది.

వదినది ఓర్వకల్లు దిక్కు. పెళ్ళై వచ్చాక పుట్టింటికి ఒక్కసారే వెళ్ళింది. వాళ్ళమ్మకు కళ్ళు మసకబారుతున్నాయని కబురు వచ్చి చాలా రోజులైంది. వదిన అడిగినప్పుడల్లా మా అమ్మ, "నువ్వు పోతే నీళ్ళెవరు దెస్తారు?" అనేది. మా బావి ఎండిపోయింది. వంకలో ఇసుక తోడి, చెలమలో ఊరిన నీళ్ళు ముంచుకుని రావాలి. ఆ మాట అంటూ అమ్మ నా వైపు చూసేది. నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నట్టు తల వంచుకునేదాన్ని. నేను తెస్తానని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు.

ఆటలో వదిన ఏటి వైపు నడిచింది. అడ్డం లేనిదే కథ లేదన్నది ఒక్కటే అప్పుడు నాకు తెలిసిన సూత్రం. అందుకని ఏరు పొంగిందన్నాను. పొంగు తగ్గాక పుట్టికి చిల్లు పడిందన్నాను. ఇంకోరోజు పుట్టివాడు అలిగి వెళ్ళిపోయాడన్నాను. వదిన విసుక్కోలేదు. ఆలోచించి ఆలోచించి, ఎండిన సొరబుర్రలు నడుముకు కట్టుకుని ఈదుతానంది.

గవ్వలు వేసింది. అన్నీ వెల్లకిలా పడ్డాయి. పిన్నమ్మ చప్పట్లు కొట్టింది.

అవతలి గట్టు మీద నేనింకా ఏమీ గీయలేదు. ఆమె దాటితే అక్కడితో ఆట అయిపోతుందని నా భయం. "గట్టు మీద రాజు కావలోళ్ళు ఉండారు. నిన్ను మళ్ళా ఏట్లోకి తోసేసినారు" అన్నాను.

వదిన గవ్వలను చూసింది. తర్వాత నన్ను చూసింది.

"ఆటలో గూడా పోనియ్యవా పాపా?"

గొంతు పెంచలేదు. లేచి కడవ తీసుకుని నీళ్ళకు వెళ్ళిపోయింది.

పిన్నమ్మకు మాత్రం కోపం వచ్చింది. "గవ్వలు పొమ్మన్నెంక అడ్డం పడనీకి నువ్వెవతివే?" అంది.

అమ్మ అడ్డుపడిందంటే ఇంటికి నీళ్ళెట్లా అన్న దిగులైనా ఉంది. నాకేముంది? కడవ మోయడానికి బద్ధకం, నేను గీసిన దేశం మీద మురిపెం. ఈ మధ్య మా ఇంటి పిల్లలు ఇలాంటి ఆట ఎలా నడపాలని అడిగితే, కొండలూ కోటలూ తర్వాత గీయండి, ఆడేవాళ్ళకు ఎక్కడికి పోవాలనుందో, ఎందుకు పోవాలనుందో ముందు కనుక్కోండి అని చెప్పాను. ఆరోజు నాకది తెలియక కాదు. వదిన మొదటిరోజే చెప్పింది.

ఇంకో కడవ తీసుకుని నేనూ వంకకు వెళ్ళాను. వదిన చెలమ దగ్గర కూర్చుని కొబ్బరిచిప్పతో నీళ్ళు ముంచుతోంది.

"నువ్వు మీయమ్మ దగ్గరికి పో వదినా. నీళ్ళు నేను దెస్తా" అన్నాను.

"నీకు అలవాటు ల్యాదులే" అంది, తల ఎత్తకుండానే.

ఇంటికొచ్చి అన్న ముందరే అమ్మతో చెప్పాను. అమ్మ నమ్మలేదు. "కొన్నాళ్ళు తెచ్చి సూపీ, అప్పుడు మాట్లాడదాం" అంది. తెచ్చాను. మెడ పట్టేసింది, దారిలో ఒక కడవ పగిలింది, అయినా తెచ్చాను. చివరికి అమ్మే అన్నను పిలిచి, ఆ పిల్లను బస్సెక్కించుకుని పోయి దిగబెట్టి రమ్మంది.

వానలు పడ్డాక వదిన తిరిగొచ్చింది. కాస్త ఒళ్ళు చేసింది. మీయమ్మ ఎట్లుండాదని అడిగాను.

"బాగుండాది. సూపే పూర్తిగా పోయింది. గొంతు ఇని గుర్తుపట్టి, మొగమంతా తడిమింది. ఉగాదికి వొచ్చింటే నిన్ను సూసింటా గదమ్మా అనింది."

నిష్ఠూరంగా అనలేదు. ఊరి కబురు చెప్పినట్టే చెప్పింది. కానీ ఉగాదికి మేము వసారాలో ఆడుతూనే ఉన్నాం.

ఆమె లేనప్పుడు అవతలి గట్టంతా గీసి పెట్టాను. ఇల్లు, గడప, గడప ముందర కట్టేసిన మేక. పిన్నమ్మను పిలిచాను, ముగ్గురం మళ్ళీ కూర్చున్నాం. ఈసారి ముందే అడిగాను. "యాడికి పోతావు వదినా?"

ఆమె గవ్వలు గుప్పిట్లోకి తీసుకుని నవ్వింది. "నువ్వు యాడికి పంపిస్తే ఆడికి పోతాలే పాపా."

ఎంత బతిమాలినా అదే మాట. పిన్నమ్మ చూసి చూసి, "అట్లైతే నా దొంగల్లోకి రా" అని లాక్కుంది. తర్వాత చాలాకాలం ఆడాం. వదిన నవ్వుతూనే ఆడేది. ఫలానా చోటికి పోవాలని మాత్రం మళ్ళీ ఎన్నడూ అడగలేదు.