గ్రామఫోను ఆగిన ఆదివారం

1996 ఫిబ్రవరి 5, సోమవారం, ఉదయం 9 గంటల 40 నిమిషాలకు, ఖగోళశాల డైరెక్టరు గదిలో, బల్ల మీది టేపురికార్డరులోంచి వస్తున్న తన గొంతును తానే విని, అందరూ గ్రామఫోను అని పిలిచే ఉద్యోగి ఎంతో ముచ్చటపడ్డాడు. గొంతు గంభీరంగా ఉంది. ఒత్తులు ఒత్తుల్లాగా, దీర్ఘాలు దీర్ఘాల్లాగా పలికాయి. శనిగ్రహం దగ్గర వేసే ఛలోక్తి తర్వాత జనం నవ్వడానికి వదిలే ఖాళీ కూడా ఉండవలసినంతే ఉంది.

"బాగుంది కదూ?" అంది డైరెక్టరమ్మ.

"చాలా బాగుంది మేడమ్. ఎప్పుడు తీశారు?"

"పోయిన గురువారం. ముందే చెబితే జాగ్రత్తపడి మాట్లాడతారేమోనని చెప్పలేదు."

"నేనెప్పుడూ ఒకేలాగే మాట్లాడతాను మేడమ్."

"నేనూ అదే అనుకున్నాను." ఆవిడ మీట నొక్కి టేపు ఆపింది. "అందుకే వచ్చే వారం మంగళవారం నుంచి లోపల ఈ టేపు వేద్దామనుకుంటున్నాం. మీరు సంచుల గదికి మారిపోదురుగాని."

ప్రేక్షకులు లోపలికి వెళ్ళేముందు గొడుగులూ సంచులూ అప్పగించి, బదులుగా ఒక ఇత్తడి బిళ్ళ తీసుకునే గది అది. దానికి కిటికీ లేదు. అక్కడ మాట్లాడవలసింది రెండే ముక్కలు: "బిళ్ళ జాగ్రత్త", "బిళ్ళ ఏదీ?"

గ్రామఫోను అసలు ఉద్యోగం వ్యాఖ్యాత. గుండ్రటి గదిలో దీపాలారిపోయి, నడుమనున్న యంత్రం గుమ్మటం లోపలివైపున నక్షత్రాలను పరిచినప్పుడు, బాణం గుర్తు పడే టార్చితో వాటిని చూపిస్తూ ఇరవై ఎనిమిది నిమిషాలు మాట్లాడాలి. ఆ ప్రసంగం ఎవరో ఎప్పుడో రాసిపెట్టినది. చేరిన కొత్తలో దాన్ని మేడ మీద పచార్లు చేస్తూ నెల రోజుల్లో నోటికి పట్టేశాడు. పదహారేళ్ళుగా అక్షరం పొల్లుపోలేదు. చివరి వాక్యాలైతే ఒకే గుక్కలో వచ్చేవి: "సందేహాలుంటే అడగండి ధన్యవాదాలు నమస్కారం." మధ్యలో దూరడానికి సందు లేకపోవడం వల్ల ఇంతవరకూ ఎవరికీ సందేహం రాలేదు.

చదువు కూడా ఆయనకు ఇలాగే అబ్బింది. పాఠం అప్పగించమంటే గడగడా అప్పగించేవాడు. నడుమ ఎవరైనా ఆపితే మాత్రం మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకోవలసిందే. ఈ ఉద్యోగానికి వచ్చినప్పుడు గురుగ్రహం గురించి అడిగారు. ఆయన బుధుడి నుంచి మొదలుపెట్టాడు. గురుడు వచ్చేదాకా ఆ పెద్దలు ఓపికపట్టారు. ఇంట్లో వానాకాలం స్నానాల గది తలుపు బిగుసుకుపోతే, చెక్కలోని కణాలు తేమను ఎలా పీల్చుకుంటాయో భార్యకు చక్కగా వివరించాడు. తలుపు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ సోమవారం సంచుల గది మాట వినగానే ఆయన ఏ మనిషికీ తట్టని ఆలోచన ఒకటి చేశాడు.

"మేడమ్, నాకూ టేపుకూ పోటీ పెట్టండి."

"పోటీయా?"

"ఇద్దరం ఒకేసారి మొదలుపెడతాం. ఎక్కడైనా నేను ఒక్క అక్షరం తప్పితే సంచుల గదికే పోతాను."

సోమవారం సెలవు కాబట్టి హాలు ఖాళీగానే ఉంది. యంత్రం నడిపే ఆపరేటరు టేపు పెట్టాడు. గ్రామఫోను చేతులు వెనక్కి కట్టుకుని "గౌరవనీయ ప్రేక్షకులారా" అని అందుకున్నాడు. రెండు గొంతులూ కలిసి సూర్యుణ్ణి దాటాయి, చంద్రుణ్ణి దాటాయి, శనిగ్రహం దగ్గర కలిసే ఆగి ఖాళీ కుర్చీలకు నవ్వే అవకాశమిచ్చాయి, "నమస్కారం" దగ్గర కలిసే ముగిశాయి. ఆపరేటరు ఉండబట్టలేక చప్పట్లు కొట్టాడు.

"ఒక్క క్షణం కూడా తేడా రాలేదు," అన్నాడు గ్రామఫోను విజయగర్వంతో.

"అవును," అంది డైరెక్టరమ్మ. "అయితే నేననుకున్నది సరైనదేనన్నమాట."

ఆపరేటరు నెత్తి కొట్టుకున్నాడు. "గురూ, నిన్ను నువ్వే ఓడించుకున్నావు కదయ్యా!"

డైరెక్టరమ్మ కఠినురాలు కాదు. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "చూడండి, టేపు చేయలేని పని ఏదైనా మీరు చేయగలిగితే ఆదివారం లోపల నాకు చూపించండి. నేనేమీ టేపుకు చుట్టాన్ని కాను."

ఆ వారమంతా గ్రామఫోను టేపు చేయలేని పని కోసం వెతికాడు. చేతులు ఊపి చూశాడు. గొంతు పెంచి చూశాడు. శనివారం రాత్రి భోజనాల దగ్గర శనిగ్రహానికి కొత్త ఛలోక్తి కట్టి వినిపించాడు. ప్రసూతి వార్డులో నర్సుగా పనిచేసే భార్య, ఆ రోజు నాలుగు కాన్పులు చూసి వచ్చిన అలసటలో కూడా మర్యాదకు నవ్వింది. అత్తగారు నవ్వలేదు.

"ఏమిటన్నారు? మళ్ళీ చెప్పండి."

ఆవిడ టెలిఫోను ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. ఎవరికి ఎవరు కావాలో తేలేదాకా లైను కలపకపోవడం ఆవిడ ఉద్యోగం. ఉద్యోగం వదిలినా ఆ అలవాటు వదల్లేదు.

గ్రామఫోను మళ్ళీ చెప్పాడు.

"ఇందులో నవ్వాల్సింది ఎక్కడండీ?"

"అమ్మా, ఊరుకో," అంది కూతురు.

"ఊరుకోకేం, అడుగుతున్నానంతే. అల్లుడుగారూ, మీరు సంచుల దగ్గరికి వెళ్ళిపోయేలోగా మీ నక్షత్రాలేవో ఒకసారి నేనూ చూస్తాను. ఇన్నేళ్ళొచ్చాయి, ఒక్కసారైనా రమ్మన్నారా?"

ఆదివారం పదకొండు గంటల ప్రదర్శనకు అత్తగారు చేతిసంచీ అప్పగించి, ఇత్తడి బిళ్ళ కొంగున ముడేసుకుని, మొదటి వరుసలో కూర్చుంది.

దీపాలారాయి. గ్రామఫోను సూర్యుణ్ణి సునాయాసంగా దాటి చంద్రుడి దగ్గరికొచ్చాడు. "చంద్రుడు తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి పట్టే కాలమూ, భూమి చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి పట్టే కాలమూ ఒక్కటే. అది ఇరవై ఏడు రోజుల ఏడు గంటల నలభై మూడు నిమిషాలు. అందువల్ల చంద్రుడు మనకు ఎల్లప్పుడూ ఒకే ముఖం చూపిస్తాడు."

"ఆగండాగండి," అని చీకట్లో ఒక గొంతు. "ఎప్పుడూ ఒకే మొహం చూపిస్తుంటే ఇక తన చుట్టూ తాను తిరగడమేమిటండీ? తిరిగితే వీపు కూడా కనపడాలి కదా?"

గ్రామఫోను ఆ వాక్యాలే మళ్ళీ చెప్పాడు, అదే స్వరంలో, ఏడు గంటల నలభై మూడు నిమిషాలతో సహా.

"వినపడింది అల్లుడుగారూ. అర్థం కాలేదంటున్నాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాతి వాక్యం ఏమిటో గ్రామఫోనుకు గుర్తు రాలేదు. వేరే దారి లేక "గౌరవనీయ ప్రేక్షకులారా" అని మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఈసారి హాలంతా నవ్వింది. "ముల్లు అక్కడే తిరుగుతోందయ్యా, కాస్త జరపండి!" అని వెనక వరుసలోంచి ఒకాయన అరిచాడు.

గ్రామఫోను ఆగిపోయాడు. అప్పుడు ఆయనకు ఒక సంగతి తెలిసింది. ఆ వాక్యం నిజమని ఆయనకు తెలుసు. ఎందుకు నిజమో తెలియదు. అత్తగారు పొరపాటు పడుతోంది. ఆ పొరపాటు ఎక్కడుందో చూపించడానికి తన దగ్గర ఇరవై ఎనిమిది నిమిషాల మాటల్లో ఒక్కటీ లేదు.

"నాకు తెలియదు అత్తయ్యగారూ," అన్నాడు. ఆ మాట ప్రసంగంలో లేనిది కాబట్టి కొంచెం బొంగురుగా వచ్చింది. తర్వాత, "దీపాలు వెయ్యవోయ్," అన్నాడు ఆపరేటరుతో. "నీ గిర్రున తిరిగే కుర్చీ కూడా ఇటు ఇయ్యి."

"నేనెక్కడ కూర్చోను గురూ?"

"నించో."

మొదటి వరుసకు ముందు, పిల్లలు కూర్చునే జంబుకానా తీసేయించి, ఆ ఖాళీలో కుర్చీ వేశాడు. "అత్తయ్యగారూ, ఇలా వచ్చి కూర్చోండి. మీరు భూమి. నేను చంద్రుణ్ణి."

"పడేయరు కదా?"

"పడేయను. నా వైపే చూస్తూ ఉండండి. ఏం కనబడుతోందో చెప్పండి."

తన చుట్టూ తాను తిరగాలన్న ఆత్రంలో ఆయన మొదట బొంగరంలా గిరగిరా తిరుగుతూ ఆవిడ చుట్టూ నడిచాడు. సగం దూరంలోనే తూలి యంత్రం చుట్టూ ఉన్న కమ్మీ పట్టుకున్నాడు.

"మొహమూ వీపూ మార్చి మార్చి కనపడ్డాయి," అంది అత్తగారు. "ఇదైతే కాదు."

"కాదు," అని ఒప్పుకున్నాడు గ్రామఫోను. ఊపిరి తీసుకుని ఆలోచించాడు. బయటికి వెళ్ళే తలుపు మీద ఎర్ర దీపం వెలుగుతోంది. "సరే, అసలు తిరగకుండా నడుస్తాను. నా మొహం ఎప్పుడూ ఆ దీపం వైపే ఉంటుంది."

దీపం మీది చూపు తిప్పకుండా, పక్కకూ వెనక్కూ అడుగులు వేస్తూ, అత్తగారి చుట్టూ మెల్లగా కదిలాడు. ఆవిడ కుర్చీలో తిరుగుతూ, టెలిఫోను నంబరు చదివినట్టు చదివింది. "మొహం… చెవి… వెనకవైపు. నడినెత్తిన జుట్టు పలచబడుతోందండీ, చూసుకున్నారా? ఇదిగో రెండో చెవి… మళ్ళీ మొహం."

హాలు ఘొల్లుమంది. గ్రామఫోను మాత్రం నవ్వు విననట్టు నిలబడిపోయాడు.

"తిరగకపోతేనే వీపు కనపడింది," అన్నాడు తనలో తాను అనుకుంటున్నట్టు.

"అంటే?"

"ఉండండి. ఉండండి." మూడోసారి బయలుదేరాడు. ఈసారి ఆవిడ మొహం వైపే చూస్తూ నడిచాడు. "ఇప్పుడు ఎర్ర దీపం నాకు ఎదురుగా ఉంది. ఇప్పుడు చెవి పక్కకొచ్చింది. ఇప్పుడు వీపు వెనక ఉంది. ఇప్పుడు ఇటు చెవి. ఇదిగో, మళ్ళీ ఎదురుగా." ఆయన గొంతు లేచింది. ఈ లేవడం ఏ టేపులోనూ లేదు. "దీపం గోడకే ఉంది కదా అత్తయ్యగారూ! అది నా చుట్టూ తిరగలేదు. నేనే తిరిగాను. మీ చుట్టూ ఒకసారి వచ్చేసరికి, నా చుట్టూ నేనూ ఒక్కసారి తిరిగేశాను!"

"నా వైపే చూస్తూ నడిచారు కదండీ?"

"మీ వైపే చూస్తూ ఉండాలంటే తిరగక తప్పదు."

అత్తగారు ఒక పట్టాన ఒప్పుకునే మనిషి కాదు. "లేస్తాను. మీరు కూర్చోండి. నేను నడిచి చూసుకుంటాను," అంది. అల్లుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, కొంగు బిగించి, ఆయన మొహం మీది నుంచి చూపు తిప్పకుండా చుట్టూ నడిచింది. ఎర్ర దీపం ఎదురుకొచ్చింది, చెవి పక్కకొచ్చింది, వెనక్కి పోయింది, రెండో చెవి దాటి మళ్ళీ ఎదురుకొచ్చింది. ఆవిడ ఆగింది.

"ఆఁ. లైను కలిసింది," అంది. కుర్చీ తిరిగి తీసుకుంటూ, "ఈ ముక్క మొదటే ఇలా చెప్పకూడదుటండీ?" అని దెప్పింది.

"మొదట నాకూ తెలియదు కదా అత్తయ్యగారూ."

వెనక వరుస ఆయన లేచాడు. ఈసారి ఎగతాళి లేదు. "అయ్యా, చంద్రుడి మీద నిలబడి చూస్తే భూమి ఉదయించి అస్తమిస్తుందా?"

గ్రామఫోను అలవాటు కొద్దీ ప్రసంగమంతా ఒకసారి వెతికాడు. లేదు. "తెలియదండీ," అన్నాడు. రెండోసారి ఆ మాట సులువుగానే వచ్చింది. "నడిచి చూస్తాను." మళ్ళీ అత్తగారి చుట్టూ ఆవిడకేసి చూస్తూ నడిచాడు. వెనక గోడలూ తలుపులూ మనుషులూ జరిగిపోతున్నారు. ఆవిడ మాత్రం ముక్కుకు సూటిగా అక్కడే ఉంది. "లేదండీ. ఉదయించదు, అస్తమించదు. ఎటు నడిచినా అత్తయ్యగారు నాకెదురుగానే ఉన్నారు."

"ఇంట్లో లాగానే, గురూ!" అన్నాడు ఆపరేటరు.

ఆ మాటకు హాల్లో లేచినంత నవ్వు శనిగ్రహం ఛలోక్తికి పదహారేళ్ళలో ఎన్నడూ రాలేదు. ఆ నవ్వుకు ఎంత ఖాళీ వదలాలో గ్రామఫోనుకు ముందుగా తెలియదు. అది తగ్గేదాకా ఆగి, తనూ నవ్వాడు. అందరికంటే ఎక్కువగా అత్తగారు నవ్వింది. ఈ ఛలోక్తిని ఆవిడ మళ్ళీ చెప్పమనలేదు.

ఆ తర్వాత ప్రశ్నలు వరుసకట్టాయి. కొన్నిటికి ఆయన జవాబు చెప్పాడు. కొన్నిటికి ప్రేక్షకుల్లోంచి ఎవరో ఒకరిని లేపి సూర్యుణ్ణి చేశాడు. రెండిటికి ఏం చేసినా జవాబు దొరకలేదు, దొరకలేదనే చెప్పాడు.

జనం లేచేసరికి, ఎర్ర దీపం కింద డైరెక్టరమ్మ నిలబడి ఉంది. తర్వాతి ఆట వాళ్ళు బయట గోల చేస్తుంటే ఏమైందో చూద్దామని వచ్చి, అక్కడే ఉండిపోయింది.

గ్రామఫోను బిక్కమొహం వేశాడు. "క్షమించండి మేడమ్. ఇవాళ ప్రసంగం పూర్తి చేయలేదు. చంద్రుడి దగ్గరే ఆగిపోయింది."

"మీ అత్తగారు అడిగిన దానికి టేపులో జవాబుందా?"

"జవాబుంది మేడమ్. మొదటి నుంచీ ఉంది." కొంచెం ఆలోచించాడు. "కానీ ఆ జవాబు ఎక్కడి నుంచి వచ్చిందో టేపుకు తెలియదు. పొద్దున్నదాకా నాకూ తెలియదు."

డైరెక్టరమ్మ తల పంకించింది. "టేపు ఉంటుంది. రాసిపెట్టిన మాటలు అదే చెబుతుంది. అది అయిపోగానే దీపాలు వేయిస్తాను. అప్పటి నుంచి హాలు మీది. సంచుల గదికి ఇంకెవరినైనా చూసుకుంటాను."

గ్రామఫోను మొహం వెలిగింది. మరుక్షణమే పాత భయం పట్టుకుంది. "మేడమ్, దీపాలు వేశాక నేనేం చెప్పాలో కాస్త రాసిస్తే… నెల రోజుల్లో నోటికి పట్టేస్తాను."

"అల్లుడుగారూ!" అంది వెనక నుంచి అత్తగారు, కొంగు ముడి విప్పి ఇత్తడి బిళ్ళ తీస్తూ. "పదండి ఇంటికి. మనవాళ్ళెవరో ఉన్నారుట సంచుల దగ్గర, ఇందాకటి నుంచి నా సంచీ పట్టుకుని నించున్నారుట పాపం."

గ్రామఫోను తెరిచిన తలుపులోంచి చూశాడు. "ఎవరో కాదత్తయ్యగారూ, మా ఆవిడే. మీ అమ్మాయే. డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికే వస్తానంది."

"మరి లోపలికి రాలేదేం?"

"ఆట మొదలయ్యాక తలుపు తీయరు. అయిపోయేదాకా బయటే ఆగాలి."

"ఎంతసేపు ఆగిందిటండీ?"

గ్రామఫోను తలుపు పక్కనున్న గడియారం చూసి, ఇరవై ఎనిమిది నిమిషాల ఆట పదకొండు గంటల నుంచి ఎంతసేపు సాగిందో లెక్కకట్టాడు.

71 నిమిషాలు.