పిచ్చిమొక్కంటే ఒక బిందె

మా ఎదురింటి అవ్వ పోయింది. దినాలైనా కాకముందే, ఆమె జ్ఞాపకార్థమని చెప్పి, ఆమె కాపాడిన మొక్కల జాగాలో సగాన్ని జేసీబీతో దున్నేశారు. దున్నింది పరాయివాళ్లు కాదు. పుంగనూరులో మా కాలనీ కమిటీనే.

కాలనీ వెనక గుట్టవాలులో ఉన్న ఆ జాగా ఒకప్పుడు చెత్త పోసే చోటు. ఆ చెత్త కింద ఇంకా బతికున్న తంగేడు, బలుసు, ఉత్తరేణి, నన్నారి తీగ అవ్వ కంటపడ్డాయి. వీధి ఆడవాళ్లను పిలుచుకొచ్చి చెత్త ఎత్తించింది, చుట్టూ కంప వేయించి గేటు పెట్టించింది, ఒకే ఒక్క చట్టం పెట్టింది. లోపల ఉన్న దేన్నైనా ఎవరైనా పిచ్చిమొక్క అంటే, కొళాయి నుంచి బిందెడు నీళ్లు మోసుకొచ్చి ఆ మొక్కకే పోయాలి.

"దానికేం పిచ్చి లేదప్పా. దాని పేరు నీకు తెలీదు, అంతే" అనేది.

ఆ జాగా బతికింది ఈ చట్టం మీదే. వానాకాలంలో ఎవరేమన్నా అవ్వ పట్టించుకునేది కాదు. ఎండలు ముదిరాయంటే మాత్రం గేటు దగ్గర స్టూలు వేసుకుని, దారిన పోయేవాళ్లను ఆపేది. "కండ్లు మసకలప్పా, అదేం మొక్కో రవంత సూసి చెప్పు." అంత దూరాన వచ్చే బస్సు బోర్డు చదివే కళ్లవి. కొత్తగా అద్దెకు దిగినవాళ్లకు ఆ సంగతి తెలియదు. పాపం, వాళ్లే ఎక్కువ మోశారు.

పాములొస్తున్నాయని ఎవరో ఫిర్యాదు చేస్తే ఒకసారి కానిస్టేబుల్ వచ్చాడు.

"ఏమవ్వా, ఈ పిచ్చిమొక్కలు యాల పెంచుతాండావు?"

"ఒక బిందె" అంది అవ్వ.

"ఏం బిందె?"

"పిచ్చిమొక్కంటే ఒక బిందె. ఈడ అంతే."

"ఇప్పుడు నువ్వూ అంటివి కదవ్వా!"

అందరం గొల్లుమన్నాం. అవ్వ మాత్రం కొంగు బిగించి లేచింది. "నిజమే. నాది నాకు, నీది నీకు. పద కొళాయికి." ముసలామె బిందె ఎత్తాక ఆయనేం చేస్తాడు? వెనకే నడిచాడు. తిరిగి పోయేటప్పుడు ఆయన ప్యాంటు నిండా ఉత్తరేణి గింజలు. "దులపొద్దప్పా, స్టేషన్ కాడ రాలనీ!" అని అరిచింది.

నేను మదనపల్లె మండీలో టమాటా బాక్సులు మోస్తాను. ఎవరు ఏ ఊరు పోయినా ఒక గింజో, కొమ్మో తేవాలన్నది ఆమె ఆర్డరు. మా అత్త కుప్పం నుంచి నల్లేరు ముక్క తెచ్చింది. నేను ఓసారి బైపాస్ పక్కన దొరికిన వయ్యారిభామ పీక్కొచ్చి, "అవ్వా, దీన్నన్నా పిచ్చిమొక్క అనొచ్చా?" అని అడిగాను.

"అది పిచ్చిది కాదప్పా, శానా తెలివైంది. పక్కదాన్ని బతకనీదు. అందుకే పీకేది. నువ్వు పోయి బిందె ఎత్తు."

రోడ్ల మధ్య గోడలా పెంచే కోనోకార్పస్ అంటే ఆమెకు మంట. "పచ్చగానే ఉండాది. పిట్టొకటి వాలిందా సూడు" అనేది.

ఇప్పుడు దున్నిన చోట నాటబోయేది అదే. దినాల రోజు షామియానా కింద కమిటీ ప్రెసిడెంటు స్వయంగా మైకులో ప్రకటించాడు. "అవ్వ ఆత్మశాంతి కోసం పిచ్చిమొక్కలన్నీ తీసేయించి..."

ముందు వరుసలో ఒకామె ఏడుస్తూనే, అలవాటు కొద్దీ, "ఒక బిందె" అంది.

"ఏందమ్మా?"

"ఆ మాట అన్నావు కదన్నా."

"ఏ మాట? పిచ్చిమొక్కలనా?"

"రెండు!" అని షామియానా మొత్తం అరిచింది.

దినాల ఇంట్లో అంత నవ్వు ఎవరూ విని ఉండరు. నవ్వుతూనే వెనక్కి తిరిగితే గుట్టవాలులో ఎర్రగా తిరగబడిన మట్టి కనిపించింది. అప్పుడు మళ్లీ ఏడ్చాం.

కమిటీవాళ్లకు చెప్పేది ఇదే. మిగిలిన సగం మీదికి జేసీబీ రాదని, దున్నిన సగంలో కోనోకార్పస్ నాటరని చెప్పండి. ఆ మాట అన్న మైకులోనే చెప్పండి. వచ్చే ఆదివారం పొద్దు గూకేలోపు జవాబు రావాలి. ప్రెసిడెంటు గారు రెండు బిందెలు మోయాలి, అది వేరే. తెగిన నన్నారి వేరు ఒకటి మట్టిలోంచి బయటికి చూస్తోంది, దానికి పోస్తే చాలు. అవ్వ బిందె గేటు దగ్గరే ఉంది. ఇంకా ఎవరూ దాన్ని బోర్లించలేదు.