ఏడో స్థానం

ఎనిమిది క్లబ్బుల ఫుట్‌బాల్ లీగులో ఏడో స్థానం దక్కిందని మిఠాయి పంచుకున్నవాళ్లం మేము. ఎనిమిదో స్థానంలో ఉన్న క్లబ్బు రెండో డివిజన్‌కు దిగిపోతుంది. మాకు తొమ్మిది పాయింట్లు, మా కింది క్లబ్బుకు ఏడు. చివరి పట్టిక ఉర్దూ పత్రికలో వచ్చిన రోజు దాన్ని కత్తిరించి, గౌలిపురలో మా సందు మొదట్లో ఉన్న చాయ్ హోటల్ గోడకు అన్నం మెతుకులతో నేనే అంటించాను.

ఆ క్లబ్బుకు నేను సెక్రటరీని. అప్పటికి ముప్పై రెండేళ్లు నాకు. మాది పాలు అమ్ముకునే కుటుంబమే అయినా, ఉర్దూ బాగా రాస్తానని చార్మినార్ దగ్గర ఒక బట్టల దుకాణంలో గుమాస్తా పని ఇచ్చారు. క్లబ్బు కాగితాల పని నా మీద పడిందీ అందుకే. అంతకుముందు బ్యాక్‌గా ఆడేవాణ్ణి. మోకాలు దెబ్బతిని రెండేళ్లుగా మైదానంలోకి దిగలేదు. మా అక్క భర్త కెప్టెన్. పొద్దున ఇళ్లకు పాలు పోసి, సాయంత్రం ఉత్తి కాళ్లతో బంతి ఆడేవాడు.

పట్టిక అంటించిన మర్నాడు నా భార్య చాకలికి బట్టలు వేస్తూ షేర్వాణీ జేబు తడిమింది.

"జేబుల గీ కాయితం ఉన్నది. పనికొచ్చేదా, పారెయ్యాల్నా?" అంది.

విప్పి చూశాను. నా చేతిరాతే. అక్కడే గడప మీద కూర్చున్నాను.

నెల కిందట మా కుడివైపు బ్యాక్‌కు టైఫాయిడ్ వచ్చింది. అతని బదులు సైకిల్ దుకాణంలో పనిచేసే యువకుణ్ణి ఆడించాలనుకున్నాం. కొత్తవాడి పేరు ఆటకు ముందే లీగ్ ఆఫీసులో రాయించాలి. నేను అర్జీ రాసుకుని వెళ్తే ఆఫీసుకు తాళం. శుక్రవారం సెలవన్న సంగతే నాకు గుర్తు లేదు. శనివారం పొద్దున ఇద్దామనుకున్నాను. ఆ పొద్దున దుకాణానికి సరుకు దిగింది. మూటలు విప్పించి, సరుకు సర్దించి, అటునుంచి అటే మైదానానికి పరుగెత్తాను. ఒక గోల్ తేడాతో మేము గెలిచాం. ఆ సంతోషంలో అర్జీ మాట మనసులోంచి జారిపోయింది.

జాబితాలో పేరు లేనివాడు ఆడితే ఆ గెలుపు చెల్లదు. తొమ్మిదిలో రెండు పోతే మాకూ ఏడే. గోల్స్ లెక్క చూస్తే మేమే అడుగున.

సాయంత్రం బావ దగ్గరికి పోయి కాగితం చేతిలో పెట్టి అంతా చెప్పాను. ఆయన గేదెకు కుడితి పెడుతూ విన్నాడు.

"ఇంకెవ్వరికన్న ఎరుకేనా?" అని అడిగాడు.

"లేదు బావా. నీకూ నాకే."

"మరెందుకు ఫికర్? చింపి పారెయ్. ఆట అయిపోయింది, లీగ్ అయిపోయింది."

నేను చింపలేదు. ఆయనా మళ్లీ చింపమనలేదు. మర్నాడు దుకాణం తెరుస్తుండగానే వచ్చి మెట్ల కింద నిలబడ్డాడు.

"పాలు పోస్తుంటె ఎవ్వరి మొకం సూడబుద్ధి కాలే," అన్నాడు. "ఆ పోరడు మంచిగ ఆడిండు. రేపు ఎవడన్న దొంగాట అంటె ఆని మీద పడ్తది. నడువ్, పోయి చెప్పొద్దాం."

సేటుకు చెప్పి ఒక పూట సెలవు తీసుకున్నాను. మూసీ దాటి లీగ్ ఆఫీసుకు నడిచాం. లీగ్ పెద్ద వయసు మళ్లిన మనిషి. అర్జీని రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి నన్ను చూశాడు.

"ఇది నువ్వు చెప్పకుంటే మాకు తెలిసేదే కాదు," అన్నాడు ఉర్దూలో.

"నాకు తెలుసు సాబ్," అన్నాను.

సాయంత్రానికి మరో ఇద్దరు కెప్టెన్లను పిలిపించాడు. అడుగున ఉన్న క్లబ్బు కెప్టెన్ పట్టు పట్టాడు. "రూల్ అంటె రూలే. రెండు పాయింట్లు కొట్టెయ్యాలె," అన్నాడు. అతణ్ణి తప్పుపట్టలేను. ఆ స్థానంలో నేనున్నా అదే అనేవాణ్ణి. మా చేతిలో ఓడిన జట్టు కెప్టెన్ మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"మైదాన్ల ఓడిపోయి కాయితం మీద గెలుస్తమా? మాకొద్దు. మళ్లొక్కసారి ఆడ్తం," అన్నాడు.

లీగ్ పెద్ద ఆ మాటకే మొగ్గాడు. ఆట మళ్లీ జరగాలి. కానీ ఆనాటి జాబితాలో ఉన్నవాళ్లే ఆడాలి. డ్రా అయినా మాకు ఒక పాయింటు వస్తుంది, గట్టెక్కుతాం. ఓడితే దిగిపోతాం.

ఇంటికి వచ్చి జాబితా తీశాం. టైఫాయిడ్ మనిషి ఇంకా లేవలేదు. మిగతా వాళ్లంతా కలిపి పది మంది. పదకొండో పేరు నాదే. ఆట మానేసినా నా పేరు కొట్టెయ్యలేదు నేను.

"గిప్పుడేం జేస్తవ్?" అన్నాడు బావ.

"ఆడ్త," అన్నాను.

సైకిల్ దుకాణం యువకుడు విషయం తెలిసి ఇంటికి వచ్చాడు. కోపంతో వచ్చాడేమో అనుకున్నాను. ఆవాల నూనె సీసా తెచ్చి నా మోకాలి ముందు కూర్చున్నాడు. "వాళ్ల లెఫ్ట్ ఆటగాడు లోపలికి తిరుగుతడన్నా. బయటికి పోనియ్, లోపలికి రానియ్యకు," అని చెబుతూ మర్దనా చేశాడు. ఆట దాకా నాలుగు రోజులూ అదే పని.

ఆట రోజు నేను గొప్పగా ఆడలేదు. మొదటి సగంలోనే ఆయాసం వచ్చింది. కానీ అతను చెప్పిన మాట ఒక్కటే పట్టుకున్నాను. ఆ లెఫ్ట్ ఆటగాణ్ణి లోపలికి రానివ్వలేదు. రెండువైపులా గోల్ పడలేదు. చివర్లో మా గోల్‌కీపర్ బంతి కోసం ముందుకు ఉరికి జారిపడ్డాడు. బంతి ఖాళీ గోల్ వైపు వస్తోంది. గీత మీద నేనొక్కణ్ణే ఉన్నాను. పక్కకు జరిగే శక్తి కూడా లేదు. అది నా తొడకు గట్టిగా తగిలి బయటికి పోయింది. తర్వాత కార్నర్ కొట్టారు, బంతి అడ్డకర్ర మీదుగా వెళ్లింది. విజిల్ మోగింది.

నేను నిలబడ్డచోటే మట్టిలో కూర్చుండిపోయాను. బావ వచ్చి పక్కన కూర్చుని నా భుజం మీద చెయ్యి వేశాడు. అన్నాళ్లుగా గుండెల్లో ఉన్న బరువు ఒక్కసారిగా దిగి, ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. సైకిల్ దుకాణం యువకుడు పరుగెత్తుకుంటూ వచ్చి నన్ను లేపబోయాడు. "ఉండు భాయ్, జర కూసోనియ్," అన్నాను.

గీత అవతల అడుగున ఉన్న క్లబ్బు వాళ్లు నిలబడి చూస్తున్నారు. ఆ ఒక్క పాయింటుతో దిగిపోయింది వాళ్లే. వాళ్ల కెప్టెన్ నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను.

"రూల్ మాట నేనన్న. తప్పు లేదు గదా?" అని అడిగాడు.

"నీది తప్పెట్లయితది అన్నా? మర్చిపోయింది నేను," అన్నాను.

అతను చెయ్యి ఇచ్చి నన్ను లేపి నిలబెట్టాడు. నా మోకాలు వణుకుతుంటే రోడ్డు దాకా పట్టుకుని నడిపించాడు. అక్కడ టాంగా మాట్లాడి, నన్నూ బావనూ ఎక్కించి, "వచ్చే ఏడు మేం మీదికొస్తం, సూడుండ్రి," అన్నాడు.

"రావాలె," అన్నాడు బావ మనస్ఫూర్తిగా. టాంగా కదిలింది. వంతెన మీద చల్లటి గాలి తగులుతుంటే, మూసీ దాటకముందే నాకు కునుకు పట్టింది.